ఏటి ఆవలి సహోదరుడు



నందిగామ బస్సు స్టాండులో గాని, జగ్గయ్యపేట అంగడి వీధిలో గాని ఇద్దరు క్రైస్తవులు మొదటిసారి కలిసికొన్నప్పుడు జరుగు సంభాషణ మీరు వినియే యుందురు. మొదటి మాట "వందనాలండీ." రెండవ మాట "ఏ ఊరండీ?" మూడవది, ఆట్టే ఆలస్యము లేకుండ, "ఏ సంఘమండీ?" ఈ మూడవ ప్రశ్నకు జవాబు వచ్చిన పిమ్మట ఇద్దరి ముఖములను గమనించుడి. ఒకే సంఘము వారైతే మాట పెరుగును. అక్కడి అయ్యగారెవరు, ఇక్కడి పెద్ద యెవరు, ఎవరి పిల్లను ఎవరికిచ్చిరి అని బంధుత్వములు బయటపడును. వేరు సంఘము వారైతే "అట్లాగా, మంచిదండీ" అని మాట మిరప ధర మీదికో, ఎండల మీదికో మరలిపోవును. కోపము లేదు, వాదము లేదు. కాని ఇద్దరును ఎదుటివాని ఆత్మీయ స్థితికి మనస్సులో ఒక వెల కట్టివేసి యుందురు.

ఆ వెలకట్టుటను గూర్చి మీతో కొంచెము మాటలాడవలెనని నా కోరిక. విశ్వాసమును విడిచిన వారి సంగతియు, బహిరంగ పాపములో జీవించుచున్న వారి సంగతియు ఇక్కడ ఎత్తను, అవి వేరు. యేసుక్రీస్తు ప్రభువని ఒప్పుకొని, ఆయన వలననే తమకు రక్షణ యని నమ్మి, మనము చదువు బైబిలునే చదువుచు, అయినను కొన్ని విషయములలో మనవలె కాక మరియొక విధముగా నడచుకొను సహోదరులు కలరు. వారిని గూర్చియే వ్రాయుచున్నాను.

మన తాతలు ఏ సంఘములో చేరవలెనో ఎట్లు నిర్ణయమైనదో ఎప్పుడైన యోచించితిరా? 1836లో బౌడెన్, బీర్ అనువారు వచ్చి నర్సాపురము ప్రాంతమున బ్రదరన్ సంఘములకు పునాది వేసిరి. 1841లో నోబుల్, ఫాక్సు అను ఇద్దరు సి.ఎం.ఎస్. మిషనరీలు మచిలీపట్నము చేరిరి. మరుసటి సంవత్సరము హయ్యరు అను లూథరన్ మిషనరీ గుంటూరునకు వచ్చెను. నెల్లూరు, ఒంగోలు ప్రాంతములలో పనిచేసినవారు అమెరికన్ బాప్తిస్టులు. 1878 జూలై 3వ తేదీన ఒక్క దినముననే 2,222 మందికి బాప్తిస్మమిచ్చినది వారే. పిమ్మట మిషనులు ఒకరి చేనిలో ఒకరు విత్తకుండునట్లు ప్రాంతములు పంచుకొనిరి. దాని ఫలిత మేమి? కృష్ణకు ఈవలి ఒడ్డున చందర్లపాడు వైపు పుట్టినవాడు పసితనముననే బాప్తిస్మము పొంది, పెద్దవాడై బిషప్పుగారి చేత కన్ఫర్మేషను పొందెను. ఆవలి ఒడ్డున అమరావతి వైపు పుట్టినవాడు లూథరు ప్రశ్నోత్తరములు వల్లించెను. ఇంకను దక్షిణమున పుట్టినవాడు తెలివి వచ్చువరకు ఆగి గుండ్లకమ్మలో మునిగెను. ఈ ముగ్గురిలో ఎవడును వేదశాస్త్రము చదివి ఎన్నుకొనలేదు. వారి కొరకు ఏరు ఎన్నుకొనెను.

ఇట్లు వ్రాసినందున మన సిద్ధాంతములు వట్టివని నేను చెప్పుచున్నానని అనుకొనవద్దు. తండ్రి యిచ్చిన పొలమైనను, దున్నుకొని పండించుకొన్న తరువాత అది మనదే. కాని వారసత్వముగా వచ్చిన పొలము గలవాడు, ప్రక్క పొలము వారసత్వముగా పొందినవానిని చూచి "నీకు బుద్ధి లేక అది కొన్నావు" అనడు గదా!

మన మెట్ట ప్రాంతపు సంఘచరిత్రలో రాఘవాపురము వాడైన పగోలు వెంకయ్య పేరు మీరు ఎరుగుదురు. ఏ మిషను ఉపదేశము సరియైనదని విచారించి ఆయన రాలేదు. విగ్రహములయందు నమ్మకము పోయి, తాను ఎరుగని దేవుడు తనకు కనబడవలెనని చాలకాలము ప్రార్థించిన మనుష్యుడు. బెజవాడలో డార్లింగు అను సి.ఎం.ఎస్. మిషనరీని కలిసికొని 1859లో బాప్తిస్మము పొందెను. ఆ దినమున ఆయనకు తెలిసిన సిద్ధాంతమెంత? నేడు మన ఆదివారపు బడిలో పదేండ్ల పిల్లవానికి తెలిసినంతయు ఉండదు. అయినను ప్రభువు ఆయనను చేర్చుకొనెను. ఈ ప్రాంతములో నేడు గుడికి వెళ్లు వేలాది కుటుంబములు అట్లు చేర్చుకొనబడినవారి సంతానమే.

ఆ తరువాత ఏరు గీసిన గీతలు నిలువలేదు. 1930 తరువాత పెంతెకొస్తు సేవకులు కేరళనుండి వచ్చిరి. 1938లో ముంగమూరి దేవదాసు అయ్యగారు బైబిలు మిషనును ఆరంభించిరి. 1950లో భక్తసింగుగారి హెబ్రోను హైదరాబాదులో వెలసెను. నేడు నందిగామ నుండి జగ్గయ్యపేటకు బస్సులో కిటికీ ప్రక్కన కూర్చుండి బోర్డులు చదువుకొనుచు పోయినచో చిల్లకల్లు వచ్చు లోపల లెక్క తప్పును. చిన్న పల్లెలోనే నాలుగైదు సంఘములు కలవు. పూర్వము ఏటికి ఆవల నుండిన సహోదరుడు ఇప్పుడు మన గోడకు ఆవల నున్నాడు. వాని మైకు మన ప్రసంగములోనికి వినబడుచున్నది. అంతటితో ఆగలేదు. చేతిలోని ఫోను తెరచినయెడల ఒక బోధకుడు మరియొక బోధకుని తప్పులు పట్టు యూట్యూబు ప్రసంగములు రాత్రి పండ్రెండు వరకు చూడవచ్చును. అట్టివి చూచువారు బైబిలు అంతసేపు చదువుట నేను చూడలేదు.

ఇప్పుడు పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయమునకు రండి. ఆ పత్రిక వెనుకనున్న సంగతి తెలిసికొన్నచో ఆ మాటలు మనకు దగ్గరగా వచ్చును. క్రీ.శ. 49 ప్రాంతమున క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా నుండి వెళ్లగొట్టెను. అకుల, ప్రిస్కిల్ల అను దంపతులు ఆ కారణముననే కొరింథుకు వచ్చిరని అపొస్తలుల కార్యములలో చదువుచున్నాము. క్లౌదియ 54లో చనిపోయెను. వెళ్లినవారు తిరిగి రాసాగిరి. వచ్చి చూడగా సంఘము మారిపోయి యున్నది. అన్యజనులలోనుండి వచ్చిన విశ్వాసులే అక్కడ పెద్దలు. మాంసము విషయములో పట్టింపు లేదు, దినముల విషయములో పట్టింపు లేదు. తిరిగి వచ్చినవారికి అది అపవిత్రముగా తోచెను. ఉన్నవారికి వీరి పట్టింపు పాతచింతకాయగా తోచెను. సుమారు 57లో పౌలు ఆ రెండు గుంపులకును ఒకే ఉత్తరము వ్రాసెను.

పౌలు ఆ అధ్యాయములో రెండు వేర్వేరు పాపములను పేర్కొనుట గమనించితిరా? తినని వానితో తినువానికి తీర్పు తీర్చవద్దనుచున్నాడు. తినువానితో తినని వానిని తృణీకరింపవద్దనుచున్నాడు. పట్టింపు గలవాని శోధన తీర్పు. స్వేచ్ఛ గలవాని శోధన చులకన. మనము సాధారణముగా మొదటి దానిని మాత్రమే పాపముగా ఎంచుదుము. "వాళ్ళు మమ్మల్ని రక్షణ లేనివాళ్ళంటారండీ" అని మావంటి పాత మిషను సంఘములవారు నొచ్చుకొందురు. నొచ్చుకొనుట న్యాయమే. కాని వారిని గూర్చి మన భోజనపు బల్లల యొద్ద మాటలాడుకొను తీరు ఎట్టిది? చప్పట్లవారనియు, కేకలవారనియు, నేలమీద కూర్చుండు సభవారనియు నవ్వుకొనుట లేదా? చులకన నవ్వుతో వచ్చును గనుక పాపమువలె కనబడదు. పౌలు రెంటిని ఒకే త్రాసులో పెట్టెను.

సిద్ధాంతము చాలును, మన మిరప చేలలోనికి పోదము.

జనవరి మొదలు మార్చి దాక మన ప్రాంతములో మిరపకోతలు జరుగునని మీకు చెప్పనక్కరలేదు. పండిన కాయను సమయమునకు కోయకపోయినచో రంగు పోవును, తాలుకాయ పెరుగును. కళ్లములో ఎండుచుండగా మబ్బు పట్టినదా, రైతు ప్రాణము పోయినంత పని. కనుక కోతకు ఆదివారము లేదు. కూలి స్త్రీలు ముఠాగా పోవుదురు. తెల్లవారుజామున ఆటో వచ్చును. ఎక్కిన వారికి పని. ఒక దినము మానిన స్త్రీ స్థానములో మరునాడు మరియొకతె కూర్చుండును. ఈ మూడు నెలల కూలియే ఎన్నో ఇండ్లలో పిల్లల ఫీజు, పాత అప్పు, వానకాలపు బియ్యము.

ఒక గ్రామములో ఇద్దరు తోడికోడండ్రు, ఇద్దరును మా సంఘస్థులే. పెద్దామె ఆదివారము కూడ కోతకు పోయెను. చిన్నామె ఆదివారము పోనని నిలిచి, ఆ కారణముచేత ముఠాలో చోటు పోగొట్టుకొని, మిగిలిన దినములలో దొరికిన చోట తక్కువ కూలికి పనిచేసెను. ఒకే వాకిలి, ఒకే పంపు. సంక్రాంతి దాటిన తరువాత వారు మాటలాడుకొనుట మానిరి. చిన్నామెకు పెద్దామె లోకస్థురాలు. పెద్దామెకు చిన్నామె చాదస్తురాలు. ఊరు కూడ రెండు వైపులుగా చీలెను. సంఘపెద్దలలో ఒకరు ఆ విషయమును కమిటీలోనికి తెచ్చి, ఆరాధన మాని కోతకు పోవు స్త్రీలకు ప్రభురాత్రి భోజనము ఇయ్యరాదని గట్టిగా పలికిరి. ఆయన నెలజీతము తీసికొని, ఇప్పుడు పింఛను తీసికొనుచున్నవారు. ఆదివారము సెలవు దినమై యుండుట ఆయన జీవితమంతటిలో ఆయనకు ఏమియు ఖర్చు పెట్టలేదు. ఇది ఆయనను ఎత్తిపొడుచుటకు వ్రాయుట లేదు. ఆయన భక్తి నిజమైనదే. తనకు ఉచితముగా దొరికిన విధేయతకు మరియొకరు ఎంత వెల చెల్లింపవలసి వచ్చునో ఆయనకు కనబడలేదు, అంతే.

ఆ దినమున కమిటీ ముందు నేను రెండు పాత సంగతులు చెప్పితిని, మీకును చెప్పెదను. సుమారు 112లో ప్లీని అను రోమా అధిపతి త్రాజను చక్రవర్తికి వ్రాసిన ఉత్తరములో, క్రైస్తవులు ఒక నియమిత దినమున తెల్లవారక మునుపే కూడి క్రీస్తును స్తుతించుచున్నారని తెలియజేసెను. తెల్లవారక మునుపే ఎందుకు? వారిలో అనేకులు దాసులు, కూలివారు. ఆదివారము వారికి సెలవు లేదు. రెండవది: ఆదివారమును విశ్రాంతి దినముగా మొదట చట్టము చేసినది కాన్‌స్టంటైను చక్రవర్తి, 321లో. ఆ చట్టములో పట్టణములలోని న్యాయాధిపతులకును, వృత్తిపనివారికిని విశ్రాంతి విధించి, పొలము పనివారిని మాత్రము విడిచిపెట్టెను. అనుకూల సమయము తప్పినచో పంట పోవునని కారణము చూపెను. అనగా సంఘము మూడు వందల సంవత్సరములు ఆదివారపు సెలవు లేకుండనే బ్రదికెను. సెలవు వచ్చినప్పుడు కూడ అది చేనిలోని వానికి రాలేదు.

అయితే దీని వలన చిన్నామె చాదస్తురాలని తేలునా? తేలదు. ప్రభుదినమును ఆమె ప్రభువు నిమిత్తమే ఆచరించెను, దాని వెలను తన చేతి కూలితో చెల్లించెను. అటువంటి విధేయతను చూచి నవ్వు మనుష్యుడు తన విధేయతకు ఏమి చెల్లించితినని మొదట తన్ను తాను అడుగుకొనవలెను. పౌలు దినములను గూర్చి చెప్పినది కూడ ఇదే: ఎవని మనస్సులో వాడు రూఢిపరచుకొనవలెను. ఇద్దరును రూఢిపరచుకొన్నవారే. పెద్దామె కూడ దేవునికి కృతజ్ఞత చెప్పియే ఆ ఆటో ఎక్కుచుండెను.

కమిటీ రెండు గంటలు మాటలాడి, కోతల కాలములో ఆదివారము రాత్రి ఏడు గంటలకు మరియొక ఆరాధన జరుపవలెనని తీర్మానించెను. ఆ పెద్దగారే లైట్ల ఖర్చు తాము పెట్టుకొందుమనిరి. తోడికోడండ్ర సంగతి కమిటీ వలన కుదురలేదు. అది వారి వాకిటనే కుదిరెను. ఒక ఆదివారము తెల్లవారుజామున ఆటో ఎక్కబోవుచు పెద్దామె, తన పిల్లలను గుడికి తీసికొనిపొమ్మని చిన్నామెతో నెలన్నర తరువాత మొదటిసారి మాటలాడి, కానుక సంచిలో వేయుమని యాభై రూపాయల నోటు చేతిలో పెట్టెను. చిన్నామె పుచ్చుకొనుటకు సందేహించెను. పెద్దామె చూచి, "ఇది శనివారం కూలీలేవే, తీసుకో" అనెను. చిన్నామె నవ్వి పుచ్చుకొనెను. ఈ మాట నాకు చెప్పినది చిన్నామెయే.

నగల సంగతి కూడ ఇటువంటిదే. పేతురు, పౌలు స్త్రీల అలంకారమును గూర్చి వ్రాసిన మాటలను బట్టి కొన్ని సంఘములలో స్త్రీలు గాజులు, కమ్మలు, తుదకు పుస్తెలు కూడ తీసివేయుదురు. పల్లెలో మెడ బోసిగా నున్న ఇల్లాలిని చూచి పొరుగువారు ఏమందురో మనకు తెలియును. ఆ మాటలను ఓర్చుకొనియే ఆమె అట్లు చేయుచున్నది. మన స్త్రీలు పుస్తెలు ధరించుట పెండ్లి ప్రమాణమునకు గురుతుగా. ఇందును భక్తియే కలదు. దీని మీద నేను ఇంతకంటె వ్రాయను. ఈ విషయముపై ఇప్పటికే మగవారు వ్రాసినది చాల ఎక్కువ.

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళ దినములలో పొరుగింటివారు పంపు మాంసము తినవచ్చునా యని ప్రతి యేట ఎవరో ఒకరు నన్ను అడుగుదురు. మొదటి కొరింథీయులకు 8, 10 అధ్యాయములు ఈ ప్రశ్నకే వ్రాయబడినవి. అక్కడ పౌలు చెప్పినది మన పల్లెకు ఏమియు మార్పు లేకుండ సరిపోవును. పిలిచినవాడు పెట్టినది మనస్సాక్షి నిమిత్తము విచారింపక తినవచ్చును. ఇది అర్పించినదని ఒకడు తెలియజేసినయెడల, తెలియజేసినవాని నిమిత్తము మానవలెను. తిన్నవాడు మానినవానిని గిన్నె చాటున నవ్వకూడదు. మానినవాడు తిన్నవాని ఇంటి ముందు ప్రార్థన పేరుతో ప్రసంగము చేయకూడదు. అంతే.

ఇక్కడ మీరు నన్ను అడ్డగించి, "అయ్యగారూ, ఇట్లయితే ప్రతి భేదమును సర్దుకొని పోవలసినదేనా?" అని అడుగవచ్చును. కాదు. రోమా 14 వ్రాసిన పౌలే గలతీయులకు 2వ అధ్యాయములో అంతియొకయలో పేతురును ముఖాముఖిగా ఎదిరించితినని వ్రాయుచున్నాడు. ఏ విషయములో ఎదిరించెను? పేతురు అన్యజనులైన విశ్వాసులతో కలిసి భోజనము చేయుచుండి, కొందరు రాగానే భయపడి వెనుకకు తీసెను. సహోదరుని ప్రక్కన కూర్చుండి తిననన్నప్పుడు మాత్రము పౌలు సహింపలేదు. అక్కడ సువార్తయే చెడుచున్నదనెను. మన ప్రాంతములో దీనిని ఎక్కడ వెదకవలెనో చెప్పవలెనా? అనేక గ్రామములలో ఒక పల్లె వారిది ఒక గుడి, దాని ప్రక్క పల్లె వారిది మరియొక గుడి. అడిగినచో సిద్ధాంత భేదమందురు. బాప్తిస్మము, ఆరాధన క్రమము, పరిశుద్ధాత్మ వరములు అని పట్టిక చదువుదురు. ఆ పట్టిక క్రింద కులము దాగియున్నచో అది మనస్సాక్షి విషయము కాదు. దానికి రోమా 14 నీడ దొరకదు. భేదాభిప్రాయములను ఓర్చుకొనలేని మనము కులమును మాత్రము వంద సంవత్సరములకు పైగా ఎంతో శాంతముగా ఓర్చుకొనుచున్నాము. ఇది నాకు ఆశ్చర్యముగా నుండును.

ఓర్పు కుదిరిన చోట ఎట్లుండెనో పాత సంఘచరిత్రలో ఒక దృష్టాంతము కలదు. సుమారు 155లో స్ముర్న బిషప్పైన వృద్ధ పొలికార్పు రోమాకు వెళ్లెను. పునరుత్థాన పండుగ ఏ దినమున ఆచరింపవలెనను విషయములో ఆసియా సంఘములకును రోమాకును భేదము. రోమా బిషప్పు అనికేతు పొలికార్పును ఒప్పింపలేకపోయెను. పొలికార్పు అనికేతును ఒప్పింపలేకపోయెను. ఎవరి ఆచారము వారిదిగానే నిలిచెను. అప్పుడు అనికేతు తన సంఘములో ప్రభురాత్రి భోజనము జరుపు గౌరవమును ఆ ముసలివానికి విడిచిపెట్టెను. ఇద్దరును సమాధానముతో విడిపోయిరి. ముప్పది అయిదు సంవత్సరముల తరువాత, సుమారు 190లో, అదే భేదమును బట్టి విక్టరు అను రోమా బిషప్పు ఆసియా సంఘములను వెలివేయబూనెను. అతనికి బుద్ధి చెప్పి ఉత్తరము వ్రాసినవాడు ఐరేనియసు. ఈయన విక్టరుతో పండుగ దినము విషయములో ఏకీభవించినవాడే. అయినను వెలివేతకు ఒప్పుకొనలేదు. బాల్యమున పొలికార్పు బోధ విన్నవాడగుటచేత ఆ పాత సంగతిని జ్ఞాపకము చేసెను.

మన కాలమునకు దగ్గరగా చూడుడి. 1919లో తరంగంబాడిలో కొందరు సేవకులు, ఇద్దరు తప్ప అందరును భారతీయులే, కూడుకొని సంఘముల ఐక్యతకు పిలుపునిచ్చిరి. దానికి ముఖ్యులలో ఒకరు దోర్నకల్ బిషప్పైన అజరయ్యగారు. మాటలు ఇరువది ఎనిమిది సంవత్సరములు సాగెను. అజరయ్యగారు 1945 జనవరి 1న కన్నుమూసిరి; 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడుట ఆయన చూడలేదు. అన్ని సంవత్సరములు ఎందుకు పట్టెను? ముఖ్యముగా బిషప్పు హస్తనిక్షేపణము లేని బోధకుని సేవ చెల్లునా యను ప్రశ్న మీద. తుదకు, ఏ సంఘము మీదను దాని మనస్సాక్షికి విరోధమైన ఆరాధన క్రమమును గాని, సేవకుని గాని బలవంతముగా పెట్టమని ప్రమాణము చేసికొనిరి. అప్పుడు కూడ నంద్యాల ప్రాంతపు ఎస్.పి.జి. సంఘములలో అధిక సంఖ్యాకులు చేరలేదు. తమ పితరుల నుండి వచ్చిన క్రమము పోవునని వారు నిజముగా భయపడిరి. నాడు వారిని మొండివారని అన్నవారు కలరు. తరువాతి కాలమున నంద్యాల కూడ ఆ ఐక్యములోనికి వచ్చెను. మొండివారని పిలిచినందువలన వచ్చిరని మాత్రము నేననుకొనను.

తుదకు బాప్తిస్మము. దీనిని చివరకు ఉంచితిని, ఏలయనగా ఇది అన్నిటికంటె కష్టము. మాంసము తినవచ్చును, మానవచ్చును. కాని పసిబిడ్డకిచ్చిన బాప్తిస్మము బాప్తిస్మమైనా కావలెను, కాకపోయినా కావలెను. ఇక్కడ ఇద్దరును సరియనుటకు వీలులేదు. నేను చేతులలో నెత్తుకొని బాప్తిస్మమిచ్చిన బిడ్డ ఇరువది యేండ్ల తరువాత ముక్త్యాల రేవులో మునిగి, "ఇప్పుడే నాకు బాప్తిస్మము" అని చెప్పినప్పుడు నాకు నొప్పి కలుగును. ఆ నొప్పిని దాచుకొనను. విశ్వాసుల పిల్లలు దేవుని నిబంధనలో చేరినవారని నేను నమ్ముచున్నాను, బోధించుచున్నాను, మానను. ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో లూథరన్, బాప్తిస్టు, సి.ఎస్.ఐ. విద్యార్థులము ఒకే బల్లమీద కూర్చుండి ఈ విషయమును అర్ధరాత్రి వరకు వాదించుకొన్నాము; ఎవరును ఎవరిని ఒప్పింపలేదు. తెల్లవారినప్పుడు అందరము కలిసియే ప్రార్థనకు వెళ్లితిమి.

కాని పల్లెలో అది బల్లమీది వాదము కాదు. జగ్గయ్యపేట దగ్గర ఒక గ్రామములో ముప్పది యేండ్లు మా సంఘపెద్దగా నుండిన వృద్ధుడు ఒకరుండిరి. ఆయన ఒక్కగానొక్క కుమారుడు ముంపు బాప్తిస్మము పొంది, వేరొక సహవాసములో చేరెను. ఆ ముసలాయన నాలుగేండ్లు కుమారునితో మాటలాడలేదు. కోడలు మాత్రము రోజును కూర గిన్నె పంపుచుండెను, ఆయన పుచ్చుకొనుచుండెను. వేసవి ఆరంభమున ఒక రాత్రి ఆయన ప్రభువునందు నిద్రించెను.

మరునాడు సమాధుల దొడ్డి యొద్ద కుమారుడు లోపలికి రాక, గేటు బయట వేపచెట్టు క్రింద తన సహవాసపు పెద్దతో నిలువబడెను. పుస్తకము చూచి చేయు ప్రార్థనలలో పాలుపొందరాదని వారి నియమము. మా సంఘములోని కొందరు యువకులు, "వాడు మట్టి వేయటానికి వీల్లేదండీ. బతికుండగా లేని తండ్రి ఇప్పుడొచ్చాడా?" అనిరి. ఎండ మండుచుండెను. నేను పుస్తకము తెరవక ముందే గేటు దాక పోయి, ఆ సహవాసపు పెద్దతో, "అన్నా, మీ నియమం నాకు తెలుసు. నేను చదివేటప్పుడు మీరు ఇక్కడే ఉండండి. మట్టి వేసేటప్పుడు పిలుస్తాను, అబ్బాయిని పంపండి" అంటిని. ఆయన కొంతసేపు నేలచూచి, "మీరు చదవండి అయ్యగారూ, మేమూ లోపలికే వస్తాం. ఆమెన్ అనలేకపోతే ఊరుకుంటాం" అనెను. వారు వచ్చి వెనుక నిలిచిరి. క్రమమంతయు ముగిసిన తరువాత కుమారుడు ముందుకు వచ్చి మూడు పిడికెళ్ళ మట్టి వేసి, అక్కడనే చతికిలబడెను. మా యువకులలో ఒకడు వాని భుజము పట్టి లేపెను. గుంట పూడ్చుటకు పార పట్టినవారిలో ఆ సహవాసపు పెద్ద కూడ ఉండెను. ఆయన పెదవులు ఆమెన్ అనెనో లేదో నేను చూడలేదు.

ఆ దినమున ఆ ఇంట పొయ్యి వెలిగించలేదు. రెండు సంఘముల స్త్రీలును అన్నము, పప్పు, పచ్చిపులుసు తెచ్చి వరండాలో పెట్టిరి. పేరు చెక్కించిన గిన్నెలు సాయంకాలమునకే ఎవరివి వారికి చేరినవి. పేరు లేనివి మాత్రము కలిసిపోగా, వారము దినముల వరకు ఈ సంఘపు స్త్రీలు ఆ సంఘపువారి ఇండ్లకును, వారు వీరి ఇండ్లకును "మా స్టీలు గిన్నె మీ దగ్గరకేమైనా వచ్చిందా వదినా?" అని తిరుగుచునే యుండిరి.